పర్లాకిమిడి అమ్మమ్మ వంటల నోటుబుక్కు: ఆ పాత రుచి రాబట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మమ్మగారిది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఆవిడ పోయాక ట్రంకుపెట్టెలో వంటల నోటుబుక్కు దొరికింది. చాలావరకు తెలుగు, మధ్యమధ్య ఒడియా. కొలతలన్నీ సోల, తవ్వ, శేరు, రూపాయి ఎత్తు. మీరు హైదరాబాద్ ఫ్లాట్‌లో ప్రయత్నిస్తే పనసపొట్టు కూర చేదొచ్చింది, అరిసెలు నూనెలో విడిపోయాయి, ఎండాకాలం పుల్లన్నం జిగురు పట్టింది. యూట్యూబ్ చూసి చేస్తే వంట బాగానే వచ్చింది కానీ, తిన్న మీ అమ్మగారు "బాగుంది, మా అమ్మ చేసినట్టు లేదు" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వండే విధానంతో మొదలుపెట్టకండి. ఆవిడ ఏ సరుకు వాడేవారు, ఏ పాత్రతో కొలిచేవారు, ఏ నెలలో వండేవారు, ఈ మూడూ ముందు తేల్చుకోండి. విధానం చివర్లో చూసుకోవచ్చు, అందులో పెద్ద రహస్యమేమీ ఉండదు. పొయ్యి వెలిగించకముందే రుచిలో ముప్పాతిక వంతు తేలిపోయి ఉంటుందని నా అనుభవం. ఇంకోటి, పుస్తకమంతా ఒకేసారి ముందేసుకోవద్దు. మీ అమ్మగారికి బాగా గుర్తున్న వంట ఒక్కటి పట్టుకుని, అది కుదిరాకే రెండోదానికి వెళ్ళండి.

నేను ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు చేసి అమ్ముతుంటాను. పుట్టిల్లు రాయగడ. ఈ ఊరి పచ్చళ్ళకీ అప్పడాలకీ పేరుంది కాబట్టి బయటి ఊళ్ళలో స్థిరపడిన మనవాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు దుకాణానికి వస్తారు. పచ్చడి రుచి చూస్తూ "మా నాయనమ్మ ఒక పప్పు చేసేదండీ..." అని మొదలుపెడతారు. అలా ఒకరి తరవాత ఒకరికి పాత వంటలు వెతికిపెట్టడం నాకు అలవాటైపోయింది. వంటకం కంటే ఆ వెతుకులాటే నాకు సరదా.

అమ్మమ్మగారు ఆ పుస్తకం తన కోసం రాసుకున్నారని గుర్తుపెట్టుకోండి. చేతికి అలవాటైనవేవీ అందులో ఉండవు. మరిచిపోతానేమో అనుకున్నవే ఉంటాయి: ఏడాదికోసారి పెట్టే ఆవకాయ, సంక్రాంతి అరిసెలు, యాభైమందికి వండాల్సి వస్తే కావలసిన పప్పు లెక్క. రోజూ వండే చారు ఎవరూ రాసుకోరు. అందుకని పుస్తకంలో కొలత ఉండి విధానం లేకపోతే కంగారు పడకండి, పాత పుస్తకాలన్నీ అంతే. అసలు పుస్తకంలో లేని వంటలే మీ అమ్మగారు ఎక్కువ తలుచుకుంటూ ఉండొచ్చు. వాటి సంగతి తరవాత చెబుతాను.

కొలతలు

పాత్ర కొలతలు తేలిక. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ వరసలో తేడా ఉండదు, పాత్ర సైజులోనే ఊరికో తేడా. అందుకే "సోల అంటే ఎన్ని గ్రాములు" అని నెట్‌లో వెతికితే పది రకాల జవాబులు వస్తాయి. మీ అమ్మమ్మగారి సోల ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. బియ్యం డబ్బాలోనో, దేవుడి అలమరలోనో, అటక మీద ఇత్తడి సామాన్ల మూటలోనో చూడండి. దొరికితే అందులో బియ్యం అంచుకి సమంగా పోసి ఒకసారి, గోపురంగా పోసి ఒకసారి తూకం వేయండి. చాలామంది ఆడవాళ్ళు బియ్యం గోపురంగానూ, ఉప్పు కారాలు అంచుకి సమంగానూ కొలిచేవారు. మీ ఇంట్లో ఎలాగో మీ అమ్మగారిని అడగండి. ఆవిడ నోటితో చెప్పలేకపోయినా, సోల చేతికిచ్చి బియ్యం పోయమంటే చెయ్యి దానంతటదే పోస్తుంది.

అసలు చిక్కు తూకాల్లో ఉంది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లా అయినా, 1992 దాకా గంజాంలో భాగమే. మద్రాసు లెక్కలో శేరంటే 24 తులాలు, సుమారు 280 గ్రాములు. ఐదు శేర్లు ఒక వీశె, అంటే 1,400 గ్రాములు. బెంగాలు లెక్కలో శేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. 1939లో వచ్చిన తూనికల చట్టం కూడా ఈ 80 తులాల శేరునే ప్రామాణికం చేసింది. మెట్రిక్ తూకాలకి చట్టం 1956లో వచ్చి, కిలోలు బజారులో పూర్తిగా స్థిరపడేసరికి 60లు వచ్చేశాయి. అంటే మీ అమ్మమ్మగారు 50ల్లో రాసుకుని ఉంటే, ఆ శేరు 280 గ్రాములూ కావచ్చు, 933 గ్రాములూ కావచ్చు. ఒకే పుస్తకంలో రెండూ ఉన్న ఇళ్ళు చూశాను. అత్తగారు చెప్పినది పాత శేరు, కొట్లో కొన్నది కొత్త శేరు.

ఏ శేరో తేల్చడం కష్టం కాదు. అరిసెల పేజీ తీయండి. అరిసెలకి కిలో బియ్యానికి 800 గ్రాములు అటూ ఇటూ బెల్లం పడుతుంది. పుస్తకంలో "మానెడు బియ్యం, మూడు శేర్ల బెల్లం" అని ఉందనుకోండి. మీ ఇంటి మానిక బియ్యం కిలో దగ్గరగా తూగితే, మూడు శేర్లంటే 840 గ్రాములు, చక్కగా సరిపోతుంది. అది మద్రాసు శేరు. "మానెడు బియ్యం, శేరు బెల్లం" అని ఉంటే 280 గ్రాములతో అరిసె కట్టుకోదు, కాబట్టి అది 80 తులాల శేరు. ఇలా నిష్పత్తి తెలిసిన వంటతో సరిచూసుకుంటే మిగతా పేజీలకి తాళం దొరికినట్టే.

రూపాయి ఎత్తు అంటే పాత వెండి రూపాయి బరువు, ఒక తులం, పదకొండున్నర గ్రాములకి కాస్త పైన. ఇప్పటి రూపాయి బిళ్ళ వేసి తూచకండి, అది అందులో సగం కూడా ఉండదు. "రూపాయి ఎత్తు మెంతులు" అన్నచోట నాలుగు గ్రాములు వేసి, ఆవకాయకి ఆ కమ్మటి వాసన రాలేదని బాధపడేవాళ్ళు ఉంటారు.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి. పాత కొలతలన్నీ కల్లుప్పువి. మా గంజాం జిల్లాలో హుమ్మా దగ్గర ఉప్పు మడులున్నాయి, ఈ చుట్టుపక్కల ఇళ్ళకి గళ్ళుప్పే అలవాటు. సోలెడు కల్లుప్పులో గళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది. అదే సోలలో ప్యాకెట్ మెత్తటి ఉప్పు పోస్తే బరువు బాగా పెరుగుతుంది. పచ్చడి ఉప్పుకషాయం అయిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేసేది ఇదే: కొలత పాతది, ఉప్పు కొత్తది. కల్లుప్పు కొని ఎండబెట్టి, అమ్మమ్మగారి సోలతో కొలిచి, తూచి, ఆ గ్రాములు రాసిపెట్టుకోండి. దంచడం ఆ తరవాతే. దంచాక కొలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

సరుకు

ఇక్కడి తెలుగు ఇళ్ళలో రెండు నూనె సీసాలు ఉంటాయి. పచ్చళ్ళకి, పోపులకి నువ్వులనూనె. చద్దన్నంలోకి నంజుకునే వాటికి, వడియాలు నలిపి చేసే పొడికి పచ్చి ఆవనూనె. విశాఖ వైపు నుంచి కోడలిగా వచ్చినవాళ్ళు మొదట్లో ఆవనూనె వాసనకి ముక్కు మూసుకుంటారు. నాలుగేళ్ళు పోయాక అది లేకపోతే వాళ్ళకే చద్దన్నం దిగదు. హైదరాబాద్‌లో మీరు అన్నింటికీ రిఫైన్డ్ నూనె వాడుతుంటే, మీ అమ్మగారు "ఏదో తక్కువైంది" అనేది అదే అయ్యుండొచ్చు. ఆవిడకి ఆవనూనె సీసా మూత తీసి వాసన చూపించండి. మాటల్లో చెప్పలేనిది వాసన చూడగానే చెప్పేస్తారు.

చింతపండు కూడా అంతే. గుణుపురం, పర్లాకిమిడి వైపు వారపు సంతలకి కొండల మీది సవర గిరిజనులు చింతపండు, పసుపు, కందులు తెచ్చి అమ్ముతారు. ఏడాది మొదటి నెలల్లో కొత్త చింతపండు వస్తుంది. ఎర్రగా ఉండి పులుపులో కాస్త తీపి తగులుతుంది. జాడీలో ఉప్పు వేసి దాచిన పాత పండు నల్లబడి ముదురు పులుపుతో ఉంటుంది. పులిహోరకి కొత్తది, పులుసుకి పాతది వాడే ఇళ్ళున్నాయి, తిరగేసి వాడే ఇళ్ళూ ఉన్నాయి. "నిమ్మకాయంత చింతపండు" అన్న కొలత పండు మారితే పనికిరాదు. పసుపు కూడా కొమ్ములు కొని దంచుకునేవారు. పక్కనే ఉన్న కొంధమాల్ కొండల పసుపుకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది.

ఇక మీ మూడు వంటలు.

పనసపొట్టు కూర చేదు ఎందుకొచ్చింది? ఆవ వల్ల, అందులో అనుమానం లేదు. ఆవగింజకి తనంత తానుగా ఘాటుండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు లోపలున్న ఒక ఎంజైమ్ పనిచేసి ఘాటు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది, మిగిలేది చేదే. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కుతుంది. పొయ్యి మీద కుతకుతలాడుతున్న కూరలో కలిపితే సరేసరి.

లేత పనసకాయ చెక్కు తీసేముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, పొట్టుగా కొట్టుకోండి. బజారులో కొట్టి అమ్మే పొట్టు కొంటే అది ఆ రోజు పొద్దున కొట్టిందేనా అడగండి, నల్లబడిందైతే వదిలేయండి. పసుపు, కాస్త ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు వార్చి, గట్టిగా పిండాలి. పిండాక గుప్పెట విప్పితే పొట్టు పొడిపొడిగా రాలాలి. ముద్దగా ఉండిపోతే ఎక్కువ ఉడికింది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, పచ్చిమిరప, ఇంగువ, కరివేపాకు పోపులో చిక్కటి చింతపండు రసం పోసి, అది దగ్గరపడ్డాక పొట్టు వేసి కలియబెట్టి దించేయండి. ఇప్పుడు ఆగాలి. గిన్నె మీద అరచెయ్యి పెట్టి ఉంచగలిగినంత చల్లారాక ఆవ కలపాలి. అరకిలో పొట్టుకి రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరప, చిటికెడు ఉప్పు, కాసిని చన్నీళ్ళు వేసి చిన్న రోట్లో నూరి, పైన ఒక చెంచా పచ్చి నూనెతో కలిపేయండి. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒక గంట ఊరనిస్తే ఇంకా బాగుంటుంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మన సరిహద్దు ఇళ్ళలో ఆవ రెండు రకాలుగా వాడతారు. ఒడియా వాళ్ళు బెసర అంటారు: ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరప కలిపి నూరి, నీళ్ళతో పలచన చేసి, కూరలో వేసి కాసేపు ఉడికిస్తారు. వెల్లుల్లి తోడు ఉండటం వల్ల, ఎక్కువసేపు ఉడికించకపోవడం వల్ల అది మెత్తటి రుచిగా ఉంటుంది. పర్లాకిమిడిలో మూడిళ్ళ అవతల ఒడియా కుటుంబం ఉంటే ఈ పద్ధతి మన వంటింట్లోకి వచ్చేస్తుంది. పుస్తకంలో ఆ పేజీ చూడండి. చింతపండు, ఇంగువ ఉండి వెల్లుల్లి లేకపోతే నేను పైన చెప్పిన పద్ధతి. వెల్లుల్లి ఉండి పులుపు లేకపోతే బెసర. రెండూ ఉంటే మీ అమ్మగారిని ఇలా అడగండి: "కూర మిగిలితే మర్నాడు తినేవారా?" తినేవాళ్ళం, మర్నాడు ఇంకా ఘాటుగా ఉండేది అంటే అది దించాక కలిపిన పచ్చి ఆవే.

అరిసెలు విడిపోవడం. కారణాలు రెండే, పాకం సరిగ్గా ముదరకపోవడం లేదా పిండి ఆరిపోవడం. బియ్యం ఒక రోజు పైన నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టి గుడ్డ మీద పరిచి, చేత్తో పట్టుకుంటే తడి తెలుస్తుండగానే దంచాలి. మీరు ప్యాకెట్ బియ్యప్పిండితో చేసుంటే అసలు ప్రశ్నే లేదు, అది అరిసెకి పనికిరాదు. పొడి పిండి పాకాన్ని మొత్తం తాగేస్తుంది, పైగా గట్టిపడుతుంది. జల్లించిన పిండిని కూడా గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచాలి. పాకం ఉండపాకం రావాలి: చన్నీళ్ళలో చుక్క వేస్తే చెదరకుండా, వేళ్ళతో చుడితే మెత్తటి ఉండ అవ్వాలి. దించాకే పిండి కలపండి. మొదటి అరిసె వేసి చూసి, విడిపోతే మిగతా పిండిలో ఇంకాస్త తడి పిండి కలపండి. రాయిలా వస్తే రెండు చెంచాల పాలు చిలకరించి మర్దించండి.

బెల్లం విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. పసుపు పచ్చగా మెరిసే బెల్లం నేను అరిసెలకి ముట్టను. రంగు ముదురుగా ఉన్న బెల్లంతో అరిసె నల్లగానే వస్తుంది, అలాగే రావాలి. మీ అమ్మమ్మగారి అరిసెల రంగు ఎలా ఉండేదో అడిగితే బెల్లం ఏదో మీకే తెలిసిపోతుంది.

పుల్లన్నం. మీరు రాసినదాన్ని బట్టి అది తరవాణో, పొఖాళో తేలలేదు. తరవాణి అయితే ఒక మట్టికుండ ఉంటుంది. గంజి, అన్నం పులిసిన ఆ కుండ వేసవంతా ఖాళీ అవ్వదు, రాత్రి అన్నం వేసి పొద్దున తీసుకుంటారు. ఒడియా వాళ్ళ పొఖాళకి అలాంటి నిలవ కుండ అక్కర్లేదు. చల్లారిన అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే అయిపోతుంది. పెరుగు కలిపి అప్పటికప్పుడు తినేదీ ఉంది. ఒడిశాలో ఏటా మార్చి 20న పొఖాళ రోజు కూడా జరుపుకుంటారు. మీ అమ్మగారికి వంటింటి మూల కుండ గుర్తుంటే తరవాణి, లేకపోతే పొఖాళ.

జిగురు పట్టడానికి కారణం నాకు తెలిసి కుక్కర్. ఆ రోజుల్లో అన్నం గంజి వార్చి వండేవారు. కుక్కర్‌లో గంజి అంతా అన్నంలోనే ఉండిపోతుంది, దాన్ని నీళ్ళలో నానబెడితే పొద్దున్నకి సాగుతుంది. పైగా మీరు వాడిన సన్నబియ్యం నానబెడితే చితికిపోతుంది. ఇక్కడ దీనికి ఉప్పుడు బియ్యం వాడతారు, మెతుకు నీళ్ళలో కూడా నిలబడుతుంది. గిన్నెలో ఎక్కువ నీళ్ళతో వండి, వార్చి, పూర్తిగా చల్లారాక నీళ్ళు పోయండి. వేడన్నంలో పోయకండి. పొద్దున నిమ్మాకు నలిపి, ఉప్పు వేసుకుని తినొచ్చు. నంజుకోవడానికి వేయించిన మినప వడియాలు పచ్చి ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిరపతో నలిపి, పైన పచ్చి ఆవనూనె చుక్కలు వేసి చూడండి.

ఒక జాగ్రత్త. ఎండల్లో ఒక రాత్రి మించి ఉంచకండి. తీగ సాగినా, పులుపు కాకుండా వేరే వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబోయండి. పెద్దవాళ్ళకి, చిన్నపిల్లలకి, గర్భిణులకి పులియబెట్టింది పెట్టే బదులు అప్పటికప్పుడు పెరుగు కలిపింది పెట్టండి.

పుస్తకంలో లేని వంటలు

వీటికి మనుషులే దిక్కు. మీ అమ్మగారు, పిన్నిలు, అమ్మమ్మగారి చెల్లెళ్ళు ఉంటే వాళ్ళు, ఇంట్లో పిండి రుబ్బడానికి వచ్చిన మనిషి, పక్కింటివాళ్ళు. "ఎంత వేసేవారు?" అని మాత్రం అడగకండి. "చూసుకుని వేసేది" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. బజారు గురించి అడగండి: కూరగాయలు ఎవరు తెచ్చేవారు, ఎక్కడినుంచి, ఏ రోజు సంత. పండగల గురించి అడగండి: నాగుల చవితికి ఏం వండేవారు, ఉపవాసం మర్నాడు ఏం తినేవారు. కోపాల గురించి కూడా అడగండి: తాతగారు ఎప్పుడైనా కంచం తోసేశారా, ఎందుకు? ఆ ఒక్క ప్రశ్నకి ఉప్పు, పులుపు, పోపు అన్నీ బయటపడతాయి.

వండగలిగిన ఓపిక ఉన్నవాళ్ళు దొరికితే పక్కన నిలబడి వాళ్ళ చెయ్యి ఆపి కొలవకండి. అలా ఆపితే ఎక్కువో తక్కువో వేసేస్తారు. వంటకి ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె తూచి పెట్టుకోండి, వంటయ్యాక మళ్ళీ తూచండి. తేడా ఎంతో అదే కొలత. వాళ్ళకి టెన్షన్ ఉండదు, మీకు గ్రాములు వస్తాయి. ఫోన్‌లో వీడియో తీస్తే ముఖం కాదు, గిన్నె తీయండి. పోపు చిటపటలు ఎంతసేపు వచ్చాయో వినబడాలి.

హైదరాబాద్ నుంచే ఒకావిడ వాళ్ళ నాయనమ్మ "కూరముక్కల పప్పు" కోసం వచ్చారు. ఎన్నో ముక్కల పులుసులు చేసి చూశారట, ఏదీ కాదు. నేను రెండే అడిగాను: అందులో పులుపు ఉండేదా, పైన ఏమైనా చల్లేవారా? పులుపు లేదు, దించాక నల్లటి పొడి ఏదో చల్లేది అన్నారు. అది ఒడియా వాళ్ళ డాల్మా. కందిపప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, కంద, వంకాయ ముక్కలు వేసి ఉడికించి, పోపు పెట్టి, కొబ్బరి తురుము, దోరగా వేయించిన జీలకర్ర ఎండుమిరప పొడి చల్లుతారు. వాళ్ళ నాయనమ్మ పోపులో కరివేపాకు, ఇంగువ వేసి మన పప్పు చేసేశారు. ఆవిడ ఇన్నాళ్ళూ తెలుగు పుస్తకాల్లో వెతికారు కాబట్టి దొరకలేదు. మీ పుస్తకంలో ఒడియాలో రాసిన పేజీలు ఇలాంటివే అయ్యుండొచ్చు, పక్కింటావిడ చెబుతుంటే రాసుకున్నవి. పోపు దినుసుల్లో సోంపు, నల్ల జీలకర్ర కనిపిస్తే కచ్చితంగా అటువైపు వంటే, దాన్ని మన పోపుతో చేయకండి. రాయగడ, కోరాపుట్ వైపు చుట్టాలుంటే చోడి (రాగి) వంటలు కూడా ఉంటాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకం వల్ల ఇప్పుడు చోళ్ళు మళ్ళీ తేలిగ్గా దొరుకుతున్నాయి.

పాత్రల గురించి రెండు మాటలు. రాచిప్ప (రాతి గిన్నె) ఉంటే పులుసులు అందులోనే కాచండి, దించాక కూడా చాలాసేపు వేడి నిలుస్తుంది, పులుపు తగిలినా ఏమీ కాదు. ఇత్తడి గిన్నెకి కళాయి (లోపలి తగరం పూత) పోయి ఉంటే చింతపండు, పెరుగు, టమాటా ఏదీ అందులో వండొద్దు. ముందు కళాయి వేయించండి. పాత గిన్నె మీద ప్రేమ కొద్దీ కడుపు పాడుచేసుకోవద్దు. కట్టెల పొయ్యి కోసం మాత్రం తాపత్రయపడకండి, గ్యాస్ మీద సన్నమంట చాలు. పొగ వాసన లేకపోతే ఎలా అని కొందరు అంటారు కానీ, ఆ పొగలో దగ్గుతూ వండినవాళ్ళెవరూ ఆ మాట అనగా నేను వినలేదు.

రుచి చూపించేటప్పుడు మీ అమ్మగారిని "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. ఆవ ఎక్కువ తక్కువలతో రెండు చిన్న గిన్నెల్లో పెట్టి "ఏది దగ్గర?" అని అడగండి. తరవాత "ఇందులో ఏం తక్కువైంది?" అనండి. అక్కాచెల్లెళ్ళు ఉంటే విడివిడిగా అడగండి. కలిసి కూర్చుంటే పెద్దావిడ ఏమంటే మిగతావాళ్ళు అదే అంటారు. వాళ్ళ జ్ఞాపకాలు కలవకపోయినా గాభరా పడొద్దు. పెద్ద కూతురు తిన్నది అమ్మమ్మ ముప్పై ఏళ్ళప్పటి వంట, ఆఖరి కూతురు తిన్నది యాభై ఏళ్ళప్పటిది. ఆ మధ్యలో ఆవిడ చెయ్యి మారి ఉంటుంది, తాతగారి జీతమూ మారి ఉంటుంది. ఎవరిది కావాలో మీరే తేల్చుకోవాలి.

కుదిరిన వంటని కొత్త పుస్తకంలో గ్రాముల్లో రాయండి, పక్కనే సోలల్లోనూ రాయండి. బియ్యం ఏ రకం, ఏ నెల, ఏ గిన్నె, ఎవరు చెప్పారు అన్నవి తప్పకుండా రాయండి. అమ్మమ్మగారి పుస్తకం మీద మాత్రం పెన్నుతో దిద్దుబాట్లు చేయకండి, ప్రతి పేజీ ఫొటో తీసి దాచండి. సిరా వెలిసిపోతున్న పేజీలు ముందు తీయండి.

నూనె, బెల్లం తగ్గించుకోవచ్చా అని చివర్లో అడిగారు. కూరల్లో తగ్గించుకోండి, ఏమీ కాదు. పచ్చళ్ళలో ఉప్పు, నూనె తగ్గిస్తే బూజు పడుతుంది, కాబట్టి తగ్గించి పెట్టినది ఫ్రిజ్‌లో ఉంచి తొందరగా తినేయాలి. అరిసెల్లో బెల్లం తగ్గిస్తే అరిసె కాదు, చిన్నవి చేసుకుని ఒకటి తినండి. పనసపొట్టు మళ్ళీ చేయాలంటే లేతకాయ దొరికే కాలం దాకా ఆగండి, ముదురుకాయతో ఎన్నిసార్లు చేసినా పీచే. ఈలోగా ఆ ఒడియా పేజీల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చదివి తెలుగులో రాసి పెడతాను. అరిసెల పేజీ కూడా పెడితే మీది ఏ శేరో చూద్దాం.